బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ, పీణ్యాలో నేను: గిటారు అమ్మాలా, ఉంచుకోవాలా?

ఆరో తీగ
27 జులై 2025, ఉదయం 7.10

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. ఏడేళ్లుగా బెంగళూరు పీణ్యాలో రేకులు ఒత్తే ఒక చిన్న ప్రెస్ షాపులో పనిచేస్తున్నాను. ఆదివారాలు మేము నలుగురం దాసరహళ్లిలో ఒక స్నేహితుడి గోదాములో చేరి రాక్ వాయించేవాళ్లం. నాది లీడ్ గిటారు, అంటే సోలోలు వాయించేది.

ఏప్రిల్‌లో పవర్ ప్రెస్ కింద నా ఎడమచేతి ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా పోయింది. నడిమివేలి కొన కూడా కొంత పోయింది. నేను కుడిచేతి వాటం మనిషిని కాబట్టి తీగలు నొక్కేది ఈ వేళ్లతోనే. గాయం పైకి మానింది. గిటారు మాత్రం సంచిలోంచి ఇంతవరకూ తీయలేదు.

మొన్న 22న గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ చనిపోయారన్న వార్త చదువుతున్నప్పుడు, ఆయన బ్యాండ్ బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీకి కూడా ఫ్యాక్టరీలో ఇవే వేళ్లు తెగాయని రాసి ఉంది. ఆ పాటలు పదేళ్లుగా వింటున్నాను. ఈ సంగతి మాత్రం నాకు తెలియదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పక్క వీధి అబ్బాయి నా గిటారుకు పన్నెండు వేలు ఇస్తానంటున్నాడు. ఇచ్చేయమని ఇంట్లో అంటున్నారు. ఆయన అసలు ఎలా వాయించారో తెలిసినవారు వివరంగా చెప్పండి. ఓదార్పు మాటలు చాలా విన్నాను. పద్ధతి కావాలి.

మల్లేశ్వరం మాస్టారు
27 జులై 2025, ఉదయం 9.35

బాబూ, ముందు ఒక మాట. ఆ అబ్బాయికి ఆరు నెలలు ఆగమని చెప్పండి.

ముప్పై ఏళ్లుగా గిటారు నేర్పుతున్నాను. అయోమీ సంగతి నా విద్యార్థులందరికీ చెబుతాను. ఆయన 1948 ఫిబ్రవరి 19న బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. ఇటలీ మూలాలున్న కుటుంబం, ఒక్కడే కొడుకు. ఇంట్లో వాళ్లది అకార్డియన్ వాద్యం. ఈయనకు డ్రమ్ములు కావాలి. ఆ మోత భరించలేమని ఇంట్లో ఒప్పుకోలేదు. చివరికి గిటారు పట్టుకున్నారు. ఎడమచేతి వాటం మనిషి, అంటే తీగలు నొక్కేది కుడిచేత్తో.

పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని. ఒక బ్యాండ్‌తో జర్మనీ వెళ్లే అవకాశం వచ్చి ఉద్యోగం మానేస్తున్నారు. అది పనికి ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి, ఇక తిరిగి వెళ్లనన్నారు. ఒప్పుకున్న పని పూర్తిచేసి రమ్మని తల్లి పంపించారు. ఆయన వెల్డింగు మనిషి. ఆ రోజు ప్రెస్ మీద పనిచేసే వ్యక్తి రాకపోవడంతో, ఎన్నడూ ముట్టని యంత్రం దగ్గర నిలబెట్టారు. యంత్రం చేతి మీద పడింది. ఉలిక్కిపడి చేయి వెనక్కి లాగడంతో నడిమివేలు, ఉంగరపు వేలు కొనలు ఊడిపోయాయి.

ఇక వాయించలేవని వైద్యులు చెప్పారు. అప్పుడు ఆ ఫ్యాక్టరీ మేనేజరు ఇంటికి ఒక రికార్డు పట్టుకొచ్చి, విను అన్నారు. వినే స్థితిలో లేనన్నారు అయోమీ. మేనేజరు వదలలేదు. విన్నాక చెప్పారట, ఇది వాయించినవాడికి ఎడమచేతిలో రెండు వేళ్లే సరిగా పనిచేస్తాయని. ఆ వాయించింది జాంగో రైన్‌హార్ట్. 1928లో ఆయన ఉండే బండిలో మంటలు చెలరేగి ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు బిగుసుకుపోయాయి. చూపుడు వేలు, నడిమివేలుతో సోలోలు వాయించి యూరప్ జాజ్‌లోనే పెద్ద గిటారిస్టు అయ్యారు.

మీరు అడిగింది పద్ధతి కాబట్టి అక్కడికి వస్తాను. అయోమీ గిన్నెలు తోమే సబ్బుద్రావణం ప్లాస్టిక్ సీసాను కరిగించి ఉండలా చేశారు. వేడి సోల్డరింగ్ ఇనుముతో దానికి రంధ్రం పెట్టి, వేలికి సరిపోయేదాకా అరగదీశారు. పైన పాత జాకెట్టు తోలు ముక్క అతికించారు, తీగ మీద జారకుండా. తోలు మరీ మెత్తగా ఉంటే తీగ దిగబడుతుంది, గట్టిగా ఉంటే జారిపోతుంది. సరైన ముక్క దొరికేదాకా ఎన్ని మార్చారో ఊహించండి.

రెండోది తీగలు. అప్పట్లో అంగళ్లలో దొరికే తీగలు మందంగా ఉండేవి, తొడుగు వేసుకున్న వేలితో వంచలేకపోయారు. బాంజో తీగలు తెచ్చి గిటారుకు కట్టుకున్నారు. సన్నని తీగల కట్టలు తయారుచేయమని కంపెనీలను అడిగితే, ఎవరు కొంటారని మొదట తిప్పి పంపారు. ఇవాళ ఏ అంగడికి వెళ్లినా ఆ కట్టలే వేలాడుతుంటాయి.

రాత్రిపాళీ
27 జులై 2025, ఉదయం 11.02

మాస్టారు చెప్పినదానికి మరికొంత కలుపుతాను. ఈ బ్యాండ్ నాకు ప్రాణం.

1968లో అయోమీ, డ్రమ్మర్ బిల్ వార్డ్ కలిసి బాసిస్టు గీజర్ బట్లర్‌తో, ఓజీతో జట్టు కట్టారు. ఓజీ, అయోమీ చదివింది ఒకే బడిలో. అదే ఏడాది డిసెంబర్‌లో అయోమీ కొన్నాళ్లు జెత్రో టల్ బ్యాండ్‌లోకి వెళ్లి తిరిగి వచ్చారు. అక్కడ చూసిన క్రమశిక్షణను తెచ్చి, తన వాళ్లను ఉదయం తొమ్మిదికల్లా సాధనకు కూర్చోబెట్టారు. అప్పటికి వాళ్లు ఎవరికీ తెలియని నలుగురు కుర్రవాళ్లు.

1969 అక్టోబర్ 16న మొదటి ఆల్బమ్ మొత్తం ఒక్క రోజులో రికార్డు చేశారు. మధ్యలో ఆయన స్ట్రాటోకాస్టర్ గిటారులో తీగల శబ్దాన్ని పట్టే పికప్ పాడైతే, పక్కన ఉంచుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసుకున్నారు. ఆ తర్వాత జీవితమంతా ఎస్‌జీ ఆకారమే ఆయన చేతిలో ఉంది. ఆ ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ‘పారనాయిడ్’. ఒక్క ఏడాదిలో రెండు. ఇవాళ ప్రపంచం హెవీ మెటల్ అంటున్న సంగీతానికి పునాది అదే.

2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ వాయించినప్పుడు నేను కడప నుంచి బస్సులో వచ్చాను. 2011 అక్టోబర్ 30న మెటాలికాకు కూడా అక్కడే ఉన్నాను, అప్పటికి ఈ ఊళ్లో ఉద్యోగం. 2006లో బ్లాక్ సబ్బత్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానించింది ఆ మెటాలికా వాళ్లే. మన ఊరి మైదానంలో వేల మందిమి ఊగిన ఆ శబ్దానికి తల్లివేరు ఒక రేకుల ఫ్యాక్టరీలో తెగిన రెండు వేళ్లు. ఆ దెబ్బే తగలకపోతే ఈ సంగీతం పుట్టేదే కాదు తమ్ముడూ. మీకూ అలాగే కావచ్చు.

రెండో షిఫ్టు
27 జులై 2025, మధ్యాహ్నం 3.48

రాత్రిపాళీ గారూ, మీ అభిమానాన్ని గౌరవిస్తాను. ఆ చివరి మాటను మాత్రం ఒప్పుకోలేను.

నేను ఇరవై రెండేళ్లు ప్రెస్ షాపుల్లో పనిచేశాను. వేళ్లు పోయిన వారిని తొమ్మిది మందిని స్వయంగా చూశాను. ఒక్కరికీ ఆ దెబ్బ మేలు చేయలేదు. ఒకాయన అన్నం కలుపుకోవడం మళ్లీ నేర్చుకున్నారు. ఒకాయన పెళ్లి సంబంధం తప్పిపోయింది. దెబ్బ వల్ల సంగీతం పుట్టిందంటే యంత్రానికి దండ వేసినట్టే. పద్ధతి తెలియని పదిహేడేళ్ల కుర్రవాడిని, మనిషి రాలేదని ప్రెస్ దగ్గర నిలబెట్టడం తప్పు. 1965లోనూ తప్పే, ఇవాళ పీణ్యాలోనూ తప్పే. రెండు చేతులతో రెండు మీటలు నొక్కితే తప్ప ప్రెస్ దిగకుండా ఏర్పాటు ఉంటుంది. వేగం తగ్గుతుందని ఒక మీటకు కర్రముక్క బిగించి కట్టేస్తారు. పనిచేసేవాళ్లందరికీ ఇది తెలుసు.

ఆ కథలో నా మనసుకు తాకింది దెబ్బ కాదు. రికార్డు పట్టుకుని కార్మికుడి ఇంటికి వెళ్లిన మేనేజరు. ఆరో తీగ గారూ, మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? పరిహారం కాగితాలు పెట్టారా? అది ముందు చూసుకోండి.

ఆరో తీగ
27 జులై 2025, రాత్రి 9.20

కాగితాలు పెట్టాను అన్నా. ఇంకా తేలలేదు. ఇంటికి ఎవరూ రాలేదు. ఆ రోజు నా ప్రెస్‌కు కూడా ఒక మీట కట్టేసి ఉంది. కట్టింది నేనే. రోజుకు ఇన్ని ముక్కలు పడాలని లెక్క ఉండేది.

ఈ మాట ఇంట్లో కూడా చెప్పలేదు.

రెండో షిఫ్టు
27 జులై 2025, రాత్రి 9.41

కట్టింది మీరైనా, ఆ లెక్క పెట్టింది మీరు కాదు. ఒంటరిగా మోయకండి. కాగితాల విషయంలో నేను వెంట వస్తాను. మీ ఫోను నంబరు ఇక్కడ రాయకుండా నాకు విడిగా పంపండి.

ప్రతిమధ్యమం
28 జులై 2025, ఉదయం 6.15

నేను జయనగర్‌లో వీణ నేర్పుతాను. మా అబ్బాయి గదిలోంచి ఈ బ్యాండ్ సంగీతం చాలాకాలం తలుపులోంచే విన్నాను. ఒకరోజు లోపలికి వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు గమనించినవి రెండు రాస్తాను, ఆరో తీగ గారికి పనికిరావచ్చు.

మొదటిది, అయోమీ ఎక్కువగా పట్టేది నిండు కార్డ్ (కలిపి పలికించే స్వరాల గుంపు) కాదు. దాన్ని పవర్ కార్డ్ అంటారని మా అబ్బాయి చెప్పాడు. వింటే అది షడ్జమం, పంచమం, మళ్లీ పైషడ్జమం. గాంధారం లేదు. కాబట్టి అది సంతోషమా దుఃఖమా అన్నది తేల్చదు. మన తంబూరా పలికేది కూడా ఆ సపసలే కదా! నాలుగు వేళ్లూ సహకరించని చేతికి రెండు మూడు తీగల మీద నిలిచే ఈ పట్టు సహజంగా కుదురుతుంది. కాబట్టి దీన్ని లోపం అనుకోవద్దు. మన సంగీతమంతా ఆ సపసల మీదే నిలబడి ఉంది.

రెండోది, బ్యాండ్ పేరే పెట్టుకున్న వాళ్ల మొదటి పాట. అందులో గిటారు షడ్జమం పట్టి, పైషడ్జమానికి వెళ్లి, అక్కడి నుంచి ప్రతిమధ్యమం మీదికి దిగి ఊగుతుంది. ఈ అంతరాన్ని పాత యూరప్ సంగీతజ్ఞులు సంగీతంలోని దయ్యం అన్నారట. మనకు అదే స్వరం కల్యాణిలో ఎంత మంగళకరంగా ఉంటుంది! తేడా ఎక్కడంటే, కల్యాణిలో ప్రతిమధ్యమం పక్కన పంచమం, గాంధారం ఉండి దాన్ని పట్టుకుంటాయి. అయోమీ దాన్ని ఒంటరిగా నిలబెట్టి వదిలేశారు. అందుకే భయం వేస్తుంది. మూడే స్వరాలు, పెద్దగా వేళ్ల పనేమీ లేదు. ఎక్కడ ఆగాలో తెలియడమే ఆయన విద్య.

మీరు మొదట సాధన చేయవలసినది ఆ మూడు స్వరాలే అని నా అభిప్రాయం. చూపుడు వేలు, చిటికెన వేలు చాలు.

మల్లేశ్వరం మాస్టారు
28 జులై 2025, ఉదయం 8.50

అమ్మా, నమస్కారం. ముప్పై ఏళ్లలో దీన్ని తంబూరాతో పోల్చి చెప్పాలని నాకు తోచలేదు. రేపటి నుంచి అలాగే చెబుతాను.

మన ఊరి గిటారు కథల్లో తెలుగువారి పాలు ఉందని కూడా ఇక్కడ గుర్తుచేయాలనిపిస్తోంది. కవి పఠాభి, స్నేహలతా రెడ్డి దంపతుల కుమారుడు కోణార్క్ రెడ్డి బెంగళూరు గిటారిస్టే. నెల్లూరు మూలాలున్న ఇంట్లోంచి వచ్చిన గిటారు అది.

లేత్ మనిషి
28 జులై 2025, రాత్రి 8.05

జాలహళ్లిలో టూల్ రూమ్ పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఇంట్లో చిన్న లేత్ ఉంది. సంగీతం తెలియదు కానీ లెక్క తెలుసు. అబ్బాయీ, శ్రద్ధగా చదువు.

ఒకే పొడవు, ఒకే శ్రుతి అయితే తీగ బిగువు దాని వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. 10 గేజ్ తీగ (అంగుళంలో వెయ్యింట పది వంతుల వ్యాసం) తీసేసి 8 గేజ్ వేస్తే, ఆ తీగ మీద బిగువు 36 శాతం తగ్గుతుంది. ఇది సన్నని చుట్టులేని తీగలకు కచ్చితమైన లెక్క.

ఇక శ్రుతి. 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు ఈయన గిటారును మూడు అర్ధస్వరాలు దించారని మనవడు చెప్పాడు. బిగువు పౌనఃపున్యం వర్గాన్ని బట్టి ఉంటుంది. మూడు అర్ధస్వరాలు దిగితే దాదాపు 29 శాతం పోతుంది. రెండూ కలిపితే మొదటి తీగ మీద సగానికి కాస్త తక్కువ బిగువే మిగులుతుంది. వేలికి ఆ మేరకు నొప్పి తగ్గుతుంది. శబ్దం లోతుగా, బరువుగా మారిందంటే అది ఈ ఏర్పాటుతో కలిసి వచ్చినదే.

తొడుగు నేను చేసిస్తాను. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీ ముక్కలు నా దగ్గర ఉన్నాయి. నైలాన్ కంటే నున్నగా తిరుగుతుంది, తడికి ఉబ్బదు. వేలి కొలతలు వెర్నియర్‌తో తీసుకుని పంపు. డబ్బు ప్రసక్తి తేవద్దు.

చేతి వైద్యం
29 జులై 2025, మధ్యాహ్నం 1.30

నేను చేతి గాయాలకు పునరావాస చికిత్స చేస్తాను. లేత్ మనిషి గారి మంచి మనసుకు దండం. కొంచెం ఆగమని మాత్రం కోరుతున్నాను.

తెగిన వేలి కొన వాపు తగ్గి స్థిరమైన ఆకారానికి రావడానికి నెలలు పడుతుంది. ఇప్పుడే గట్టి తొడుగు చేస్తే రెండు నెలలకు వదులవుతుంది. ఈలోగా ఒరిపిడి వల్ల చర్మం చిట్లవచ్చు. ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోందా? చలికి ఎక్కువగా సలుపుతోందా? అలా ఉంటే తెగిన నరం కొన గడ్డకట్టి ఉండవచ్చు, వైద్యులకు చూపించాలి.

చర్మాన్ని అలవాటు చేయడానికి రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు, మొదట దూదితో, తర్వాత నూలుగుడ్డతో, ఆపైన తువ్వాలుతో కొనను రుద్దండి. గిన్నెలో బియ్యం పోసి అందులో వేళ్లు కదిలించండి. మొదటి వారం నొప్పికి కన్నీళ్లు వస్తాయి. తర్వాత తగ్గుతుంది. అది తట్టుకోగలిగిన నాడే తీగ మీద పెట్టండి.

తొడుగు వేసుకుంటే స్పర్శ ఉండదు. తీగ ఎంత నొక్కుతున్నారో వేలు చెప్పదు, చెవి చెప్పాలి. అయోమీ గారు ఆ వేళ్లతో తీగను తాకినట్టు తెలియకుండానే వాయించారు. అందుకు ఆయన ఎంత సాధన చేసి ఉంటారో నా వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి అంచనా వేయగలను. ఆయన గురించి నాకు ఆశ్చర్యమంతా అక్కడే.

రాత్రిపాళీ
29 జులై 2025, రాత్రి 11.55

రెండో షిఫ్టు గారి జవాబు రెండు రోజులుగా మనసులో తిరుగుతోంది. మీరన్నది నిజమండీ. నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వేళ్లు ఉన్నా ఆయన గొప్పగానే వాయించి ఉండేవారేమో. పోయినా వాయించారన్నదే మనకు తెలిసిన నిజం.

అయోమీ జీవితంలో రెండోసారి కూడా ఇలాంటి రోజు వచ్చింది. 1979లో ఓజీని బ్యాండ్ తీసేసింది. ఆయన స్థానంలో గాయకుడిగా రోనీ జేమ్స్ డియో వచ్చారు, వెళ్లారు. గాయకులు, డ్రమ్మర్లు మారుతూనే ఉన్నారు. మొదటి రోజు నుంచి చివరిదాకా ఉన్నది ఆయనొక్కరే. 2012 జనవరిలో ఓజీ, బట్లర్‌లతో మళ్లీ ఆల్బమ్ మొదలుపెట్టే వేళ లింఫోమా అనే క్యాన్సర్ ఉందని బయటపడింది. చికిత్స తీసుకుంటూనే రికార్డింగుకు కూర్చున్నారు. 2013లో వచ్చిన ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ దేశంలో అంతకుముందు వాళ్లు మొదటి స్థానంలో నిలిచింది 1970లో ‘పారనాయిడ్’తోనే. 2017 ఫిబ్రవరి 4న బర్మింగ్‌హామ్‌లో పర్యటనల ఆఖరి కచేరీ చేశారు.

ఈ జులై 5న అదే ఊళ్లో, విల్లా పార్క్ మైదానంలో, నలుగురూ చివరిసారి కలిశారు. ఓజీ నడవలేని స్థితిలో సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడారు. పక్కన డెబ్బై ఏడేళ్ల అయోమీ, వేళ్లకు తొడుగులతో. పదిహేడు రోజులకు ఓజీ వెళ్లిపోయారు.

ఆరో తీగ
14 సెప్టెంబర్ 2025, రాత్రి 8.40

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. జరిగినది వరుసగా చెబుతాను.

గిటారు అమ్మలేదు. ఆ అబ్బాయికి నా పాత యాంప్లిఫయర్ ఇచ్చాను, నేర్పుతానని కూడా మాట ఇచ్చాను.

బియ్యం గిన్నె ఆరు వారాలు చేశాను. మేడమ్ చెప్పినట్టే మొదటి వారం ఏడ్చాను. ఇప్పుడు తువ్వాలుతో రుద్దినా ఓర్చుకోగలుగుతున్నాను. వైద్యులు చూసి నరం గడ్డ లేదన్నారు.

మాస్టారి ఇంటికి మూడు శనివారాలు వెళ్లాను. 8 గేజ్ తీగలు వేసి, మూడు అర్ధస్వరాలు దించారు. మొదటి రోజు గంటసేపు వీణ టీచరు గారు చెప్పిన మూడు స్వరాలే, చూపుడు వేలు, చిటికెన వేలుతో. మాస్టారు పక్కన తంబూరా యాప్ పెట్టారు. మూడో శనివారం మా డ్రమ్మర్ కూడా వచ్చాడు. అతను ఏమీ అడగకుండా నెమ్మదిగా తాళం వేయడం మొదలుపెట్టాడు. నాలుగు నెలల తర్వాత అతనితో కలిసి వాయించడం అదే.

కాగితాల పని రెండో షిఫ్టు అన్న దగ్గరుండి చేయించారు. విచారణకు తేదీ వచ్చింది. మీట కట్టినది నేనేనని అక్కడ చెప్పాను, రోజుకు ఎన్ని ముక్కలు అడిగేవారో కూడా చెప్పాను. షాపులో మిగిలిన రెండు ప్రెస్‌లకు కర్రముక్కలు తీసేశారని స్నేహితుడు ఫోను చేశాడు.

తొడుగు లేకుండా ఉంగరపు వేలితో తీగ నొక్కితే ఇంకా జారుతోంది. మాస్టారూ, అది అయ్యేదాకా లీడ్ వదిలేసి రిథమ్ వాయిస్తాను, మా వాళ్లు ఒప్పుకున్నారు.

లేత్ మనిషి
15 సెప్టెంబర్ 2025, ఉదయం 5.50

అబ్బాయీ, నువ్వు పంపిన కొత్త కొలతలు చూశాను. జులై కొలతల కంటే ఉంగరపు వేలు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గింది. ఆ అమ్మాయి ఆగమన్నది మంచిదైంది.

నిన్న రాత్రి రెండు తొడుగులు తిప్పాను. గోడ మందం ఒకదానికి 1.5, ఇంకొకదానికి 2 మిల్లీమీటర్లు. కొన దగ్గర తోలు అతికించడానికి పావు మిల్లీమీటరు లోతు గాడి తీశాను, లేకపోతే అంచు లేచిపోతుంది. తోలుకు మా ఆవిడ నా పాత చెప్పు పట్టీ కత్తిరించి ఇచ్చింది. గట్టిదొకటి, మెత్తదొకటి పెట్టాను.

ఆదివారం పదింటికి గోదాముకు వస్తాను. అరం, గరుకు కాగితం తెస్తాను. తీగ మీద పెట్టి చూసి అక్కడే సవరిద్దాం.